కందకము నిలువని ఇసుకతీరము

1942 ఏప్రిల్ 6, సోమవారము. అంతకు ముందటి దినమున, క్రైస్తవుల ఈస్టరు పండుగనాడు, జపాను విమానములు కొలంబో నగరముపై విరుచుకొని పడినవి. ఆ వార్త తెలుగునాట పల్లెపల్లెకును ప్రాకక మునుపే విశాఖపట్నము, కాకినాడ రేవులపై బాంబులు కురిసినవి. ఓజావా అను జపాను నౌకాధిపతి బంగాళాఖాతమున నడిపించిన దళములో 'ర్యూజో' అను చిన్న విమానవాహకనౌక యుండెను. ఆ నౌకనుండి లేచిన విమానములే ఈ రెండు రేవులను తాకినవి. ఆ కొలది దినములలోనే ఆ దళము ఇరువది వరకు వర్తకపుటోడలను కడలిపాలు చేసినది. ఆ యుద్ధములో భారతదేశపు ప్రధాన భూభాగముపై పడిన మొదటి బాంబులు తెలుగుగడ్డ మీదనే పడినవని నేటి విద్యార్థులలో ఎందరెరుగుదురో! విశాఖలో పడి ప్రేలక మిగిలిన బాంబు ఒకటి నేటికిని అచ్చటి మ్యూజియములో నున్నది. పిల్లలను విహారయాత్రకు గొనిపోవు ఉపాధ్యాయులు దానియెదుట ఒక నిమిషము నిలిచినచో చరిత్రపాఠము సగము చెప్పినట్లే.

బాంబులు చేసిన నష్టము స్వల్పము. వాని వెంట వచ్చిన భయము స్వల్పము కాదు. విశాఖవాసులు మూటముల్లె గట్టుకొని లోపలి గ్రామములకు బయలుదేరిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సయితము వాల్తేరు విడిచి గుంటూరు చేరెను. యుద్ధము ముగిసిన పిదప, 1946లో గాని తిరిగి స్వస్థానమునకు రాలేదు.

ఇప్పుడు తూర్పుతీరపు పటమును ముందు పెట్టుకొని, కాకినాడ నుండి దక్షిణమునకు వ్రేలు జరుపుకొనుచు రావలెను. మచిలీపట్నము, నిజాంపట్నము దాటినంతట రామాయపట్నము వచ్చును. అచ్చటినుండి ఇసుకపల్లి, మైపాడు, కృష్ణపట్నము, దుగరాజపట్నము మీదుగా పులికాటు సరస్సు వరకు గల ఇసుకతీరమే నెల్లూరు తీరము. దానికి దిగువను మద్రాసు. పైన బాంబులు పడిన రేవులు, క్రింద బాంబులు పడునని వణకుచున్న మహానగరము. నడుమ పట్టపుపాళెములు, తాటాకు గుడిసెలు, సరుగుడు తోపులు. ఆ దినములలో ఈ తీరముపై ఒక శత్రువిమానము వచ్చియుండినచో ఇచ్చటి జనులు ఎచ్చట తలదాచుకొనియుందురు? ఈ ప్రశ్నకు జవాబు వెదకవలెనన్న, తలదాచుకొను చోటనగా నేమో, అది యెట్లు పనిచేయునో ముందుగా తెలిసికొనవలెను.

నేలపై పడిన బాంబు ప్రేలినప్పుడు దాని ఇనుపతునుకలు పైకిని ప్రక్కలకును ఎగజిమ్మును. వానితోకూడ గాలి పెట్టు ఒకటి గోడలను కూలద్రోసికొనుచు పోవును. నేలపై నిలిచియున్నవాడు ఈ రెండింటికిని గురియగును. నేలలో నిలువెత్తు గోతిలో కూర్చున్నవానికి, బాంబు సరిగా తన నెత్తిమీదనే పడిననే గాని, ప్రాణభయము చాలవరకు తప్పును. కందకములోని రహస్యమంతయు నింతే. అది ఎంత ఇరుకుగా నుండిన అంత మేలు. బాంబు వచ్చి దానిలో పడు అవకాశము అంత తగ్గును. అది తిన్నగా గాక వంకరటింకరగా నుండవలెను. ఒక కొసను బాంబు పడినను తునుకలు రెండవ కొసవరకు పరుగెత్తకుండ మలుపు ఆపును. కూలిన గోడ దానిపై పడకుండ ఇంటికి తగినంత ఎడముగ త్రవ్వవలెను. యుద్ధకాలపు పట్టణములలో కచేరీల ముందును, బడుల ముందును గుమ్మములకు అడ్డముగ లేచిన ఇటుకగోడలు, ఇసుకబస్తాల దొంతరలు, కిటికీ అద్దములపై అంటించిన కాగితపు పట్టీలు, అన్నియు ఈ రెండు శత్రువులను, అనగా ఎగురు తునుకను గాలి పెట్టును, నిలువరించుటకు పన్నిన పన్నుగడలే. సైరన్ హెచ్చుచు తగ్గుచు కూసిన ప్రమాదము. ఏకధాటిగా కూసిన ప్రమాదము తొలగినది. ఎ.ఆర్.పి. వారు ఊరూర నేర్పిన మొదటి పాఠమిదియే.

పాఠము నేర్చుట వేరు, నమ్ముట వేరు. అందులకు తెలుగువారి కన్నీటితో తడిసిన ఉదాహరణమొకటి కలదు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూను నగరముపైకి వచ్చినవి. ఆ రేవులో ఓడలకు సరకులెత్తి దింపు కూలీలలో పెక్కురు తెలుగువారు. కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినవారగుటచే వారికచ్చట 'కోరంగీలు' అను పేరు స్థిరపడినది. సైరన్ కూసినది. కాని ఆకాశమున విమానములు ఒకదానినొకటి తరుముకొనుచుండగా ఆ వింత చూచుటకై జనులు వీధులలోనికి వచ్చి గుంపులుగట్టి నిలిచిరి. ఆ గుంపులపైననే బాంబులు పడినవి. ఆ యొక్కనాటనే రెండువేలకు అటునిటుగ ప్రాణములు పోయినవని అంచనా. ఎన్నడును బాంబు చూడనివానికి బాంబనిన భయముండదు, వేడుకయే యుండును. రెండు దినములు తిరుగకుండ, క్రిస్మసునాడు, మరల దాడి జరిగెను. అటుపిమ్మట రేవున పనివాడు కరవయ్యెను. లక్షలకొలది భారతీయులు అడవులు కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు తిరుగుముఖము పట్టిరి. వేలకొలది దారిలోనే రాలిపోయిరి. బ్రతికి తీరము చేరినవారు చెప్పిన కథలే 1942 వేసవిలో తెలుగు ఊళ్ళలో విమానముకంటె ముందుగా వచ్చి వ్రాలిన భయము.

పాశ్చాత్యదేశములలో ఈ తలదాచుకొను చోటును గూర్చి పెద్ద వాదమే నడిచినది. బ్రిటిషు ప్రభుత్వము ముడతల ఇనుపరేకులతో చేసిన చిన్న గూళ్ళను లక్షలకొలది పంచిపెట్టెను. అవి మంత్రి సర్ జాన్ ఆండర్సన్ పేర వెలసినవి. పెరటిలో నాలుగడుగుల గోయి త్రవ్వి, గూటిని దింపి, పైన మన్ను కప్పవలెను, ఆరుగురు కూర్చుండవచ్చును. ఏటికి 250 పౌనుల లోపు రాబడి గలవారికి ఉచితము. చూచుటకు దానము బాగున్నది. అయితే పెరడు లేనివాని మాటేమి? తూర్పు లండనులో ఇరుకుటిండ్ల కార్మికులకు పెరడెక్కడిది? జె.బి.యస్. హాల్డేన్ అను జీవశాస్త్రవేత్త స్పెయిను అంతర్యుద్ధములో బాంబుల దెబ్బను స్వయముగ చూచి వచ్చి, 1938లో 'ఎ.ఆర్.పి.' అను గ్రంథము వ్రాసి, జనులందరికిని లోతైన సొరంగములు త్రవ్వవలెనని పోరెను. ఖర్చు భరింపరానిదనియు, సొరంగము మరిగిన జనులు పనులకు పైకి రారనియు ప్రభుత్వము అడ్డుచెప్పెను. చివరకు జనులే భూగర్భ రైలుస్టేషనులలోనికి దిగి పండుకొనిరి. ఈ హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన శిష్యులలో ద్రోణంరాజు కృష్ణారావు పిఠాపురమున జన్మించినవారు. పిఠాపురము బాంబులు పడిన కాకినాడకు కూతవేటు దూరమని చెప్పదగినంత దగ్గర.

ఆండర్సన్ గూటికి మరియొక జబ్బు కలదు. వాన కురిసిన గోతిలో నీరూరును. మడమల లోతు నీటిలో కూర్చుండి తెల్లవార్లు గడపలేక పలువురు చావో రేవో యని ఇంటిలోనే పండుకొనిరి. ఈ జబ్బును నెల్లూరు తీరపువాడు వెంటనే పోల్చుకొనగలడు.

ఏలన, ఈ తీరమున నేలను త్రవ్వుట యనగా నీటికొరకు త్రవ్వుటయే. సముద్రపుటొడ్డున గుడిసె వేసికొన్న పట్టపుకులపు ఇల్లాలు ఇసుకను చేతులతో తోడి చెలమ చేయును. కొలది అడుగులలోనే జల తగులును. కుండ నింపుకొని లేచునంతలో చెలమ అంచులు జారి సగము పూడును. మరునాడు మరల తోడవలెను. ఇట్టి నేలలో నిలువెత్తు కందకము ఎట్లు నిలుచును? రేగడినేలలో త్రవ్విన గోయి గోడవలె నిలుచును; ఎర్రనేలలోను నిలుచును. ఇసుకలో త్రవ్విన కందకమునకు పలకలు, గుంజలు పెట్టి ప్రక్కలు కట్టవలెను. లేనిచో బాంబు ప్రేలక మునుపే, దాని దూరపుటదురుతోనే, లోనివానికి గోరీ యగును. ప్రక్కలు కట్టినను అడుగునుండి నీరు రాకమానదు. కందకమను రక్షణ ఈ తీరపు నేలకే సరిపడదు. తాటాకు కప్పునకు నిప్పురవ్వ తగిలిన గుడిసెల వరుస మొత్తము భస్మమగును గనుక ఇంటిలో నుండుటయు రక్షణ కాదు. సరుగుడు తోపు నీడలో పైవాని కంటబడకుండ నక్కుట ఒక్కటియే మిగిలిన దారి.

ఇది ప్రకృతి చేసిన లోపము. మనుష్యుల లెక్క వేరు. ఎ.ఆర్.పి. ఏర్పాట్లు, సైరనులు, కందకములు ఓడరేవులు గల పట్టణములకు, రైలుకూడళ్ళకు, కర్మాగారములకు ముందుగా చేరినవి. శత్రువు గురిపెట్టునది వానికే యని ఆ లెక్క, తప్పని చెప్పజాలము. కాని ఆ లెక్కలో తీరపు పల్లెకు దక్కిన భాగము ఒక్కటియే: సముద్రమువైపు దీపము కానరాకూడదను ఆంక్ష. తెల్లవారుజామున తెప్ప వేయువానికి ఒడ్డున వెలుగు ఒక్కటే ఆనవాలు. ఆ ఆనవాలు ఆరిపోయినది. దాని బదులు ఇచ్చినది ఏమియు లేదు.

ఇంతలో మద్రాసున జరిగినది వినదగినది. విశాఖపై దాడి జరిగిన మరునాడే జపాను నౌకాదళము మద్రాసువైపు వచ్చుచున్నదను వార్త ప్రభుత్వమునకు అందెను. గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రభుత్వము ప్రధాన కార్యాలయములను లోపలి జిల్లాలకు తరలించెను. నగరమున తప్పక ఉండవలసిన పనిలేని వారందరు వెడలిపోవుట మంచిదని ప్రకటించెను. దాడి జరిగి బోనులు పగిలినచో క్రూరమృగములు వీధులలో పడునని జంతుప్రదర్శనశాలలోని సింహములను, పులులను కాల్చివేసిరి. ప్రభుత్వమే పెట్టె సర్దుకొని పోవుచుండగా ప్రజలు నిలుతురా? లక్షలాది జనులు నగరము విడిచిరి. ఉత్తరమునకు వచ్చినవారి రైళ్ళు సూళ్ళూరుపేట, గూడూరు, నెల్లూరు, కావలి మీదుగ సాగినవి. ఆ రైలుమార్గము చాలమేర తీరమునకు సమాంతరముగ, కొలది క్రోసుల దూరములోనే పరుగిడును.

ఇందులో ఒక వింత కలదు. సముద్రమునుండి పారిపోవు నగరవాసికి నెల్లూరు పట్టణము సురక్షితస్థలముగ తోచినది, అది తీరమునకు సుమారు పదునైదు మైళ్ళ లోపల నున్నది గనుక. ఆ పదునైదు మైళ్ళే ఈ ప్రాంతపు షెల్టరు. ఇనుపరేకులు అక్కరలేదు, త్రవ్వకము అక్కరలేదు. ఎడముగ పోగల శక్తి చాలును. బండి కట్టుటకు ఎద్దులు, చేరుటకు చుట్టపుటిల్లు, కూర్చుండి తినుటకు నాలుగు పుట్ల ధాన్యము గలవానికి దూరమే కోట. పూటకు పూట వల వేసిననే గాని పొయ్యిలో పిల్లి లేవనివానికి ఆ కోటలో తావు లేదు. లండనులో పెరడు లేనివాడును, మైపాడు ఒడ్డున బండి లేనివాడును ఈ విషయమున అన్నదమ్ములే.

జపాను దళము మద్రాసుకు రాలేదు. ఆ వార్త పొరపాటని కొలది దినములలోనే తేలినది. మన 'నాన్నా, పులి!' కథ పెద్దయెత్తున నడచినట్లయ్యెను. ఆ కథలోవలెనే, ఎవరును ఎదురుచూడని వేళ 1943 అక్టోబరులో ఒక జపాను విమానము వచ్చి మద్రాసుపై నిజముగనే బాంబులు విడిచిపోయెను. నెల్లూరు తీరముపై మాత్రము పులి ఆకాశమునుండి రాలేదు.

అది సముద్రము మీదుగ వచ్చుట ఇచ్చటివారికి క్రొత్త కాదు. 1927 నవంబరులో నెల్లూరును తాకిన తుఫానును తాతలు తరములుగ చెప్పుకొనిరి. 1977 నవంబరు 19న దివిసీమను మూడు నిలువుల ఎత్తు ఉప్పెన ముంచెత్తి పదివేలమందికి తక్కువ గాకుండ బలిగొనినది. ఆ తరువాతనే ప్రభుత్వము మేల్కొని కోస్తా పొడవునను తుఫాను షెల్టరులు కట్టింప మొదలిడెను. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమునను, 1989 నవంబరులో కావలి ప్రాంతమునను తుఫానులు తీరము దాటినప్పుడు ఈ జిల్లాకు వాని అవసరము ప్రత్యక్షముగ తెలిసివచ్చినది.

ఈ కట్టడమును కందకముతో పోల్చి చూచిన విద్యార్థికి వాస్తుశాస్త్రపు పాఠము తేలికగ పట్టుబడును. కందకము మనిషిని నేలక్రిందికి దింపును. తుఫాను షెల్టరు మనిషిని నేలపైకి ఎత్తును. అది బలమైన కాంక్రీటు స్తంభములపై నిలిచిన మేడ. క్రింది భాగమున గోడలుండవు. అది పిసినారితనము కాదు; ఉప్పెననీరు అడ్డులేక స్తంభముల నడుమగ పోవలెనని. గోడ అడ్డము పెట్టినచో నీటి త్రోపు అంతయు గోడపై పడి మేడనే పడద్రోయును. పునాది వదులు ఇసుకను నమ్ముకొనక లోతునకు పోవును. నేల పట్టు నీయనిచోట కందకమునకు తావు లేకపోయినను, స్తంభము దిగి నిలువగలిగినది.

వానికిని ఒక జబ్బు ఉండనే యుండెను. తుఫాను ఏటేట రాదు. రానినాళ్ళలో తలుపులు తుప్పుపట్టును, మెట్లు విరుగును, గోడలలో ఉప్పుగాలి చేరి ఇనుపకడ్డీ ఉబ్బును. అక్కరకు వచ్చు వేళకు మేడయే అపాయకరమగును. దీనికి మందుగ కనిపెట్టినది బడి. అనేక షెల్టరులలో తక్కిన దినములందు పిల్లలకు చదువు చెప్పుదురు. పిల్లలు తిరుగుచున్న కట్టడమున పగులు కానవచ్చిన ఎవరో ఒకరు అడుగుదురు. 2011 నుండి జాతీయ తుఫాను నష్టనివారణ పథకమున ఆంధ్రప్రదేశ్, ఒడిశా తీరములలో క్రొత్తగ కట్టిన షెల్టరులను గూడ ఇట్లు బహుప్రయోజనకరముగ ఉండునట్లే ఉద్దేశించిరి. యుద్ధకాలమున బడి ముందర అడ్డుగోడ కట్టి బడిని కాపాడిరి. ఇచ్చట బడియే ఊరిని కాపాడు గోడ యైనది. ఈ తీరపు ఉపాధ్యాయుని చేతిలో హాజరుపట్టికతోపాటు షెల్టరు తాళపుచెవియు ఉండుట సముచితమే కదా!

సైరన్‌కు బదులుగ ఇచ్చట ఓడరేవు ప్రమాదసూచికలున్నవి. కృష్ణపట్నమున ఎగురవేయు ఆ సూచికలు ఒకటి మొదలు పదునొకండు వరకు. అంకె పెరిగినకొలది అపాయము దగ్గరయగును. అయినను రంగూను వీధిలో నిలిచిన మనిషి ఇచ్చటను కలడు. సముద్రమెట్లున్నదో చూచి వత్తునని ఒడ్డుకు పోవువాడు, తెప్పను వలను విడిచి రానని మొండికెత్తువాడు ప్రతి తుఫానులోను ఉండును. వానిని మూర్ఖుడని కసరుట తేలిక. ఆ తెప్ప పోయినచో షెల్టరునుండి దిగి వచ్చి ఏమి తినునో చెప్పుట అంత తేలిక కాదు.

యుద్ధపు సైరనులు పూర్తిగ మూగవోలేదు. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ యెదుట మునిగిన దినములలో ఆ నగరము మరల చీకటిలో మెలగెను. 2025 మే 7న దేశవ్యాప్తముగ జరిగిన పౌరరక్షణ అభ్యాసములో విశాఖపట్నమునను, హైదరాబాదునను సైరనులు కూసినవి. 1942 నాటి వృద్ధులు ఆ కూత విని గుర్తుపట్టియుందురు.

కందకము నిలువని ఈ ఇసుకలో ఒక కందకము మాత్రము నిలిచినది. దానిని ఎవరును షెల్టరుగ తలపెట్టలేదు. 1806లో మద్రాసు వద్ద చిన్న కాలువగ మొదలై, క్రమక్రమముగ ఉత్తరమున పెదగంజామువరకును, దక్షిణమున మరక్కాణమువరకును సాగి, సుమారు 420 కిలోమీటర్లు తీరమును అంటిపెట్టుకొని పోవు బకింగ్‌హాం కాలువయే అది. 1876-78 నాటి ధాతకరవులో ఆకలిగొన్న జనులకు కూలియిచ్చి దానిలో కొంతభాగము త్రవ్వించిరి. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టిరి. ఉప్పు, కట్టెలు, ధాన్యము మోయు పడవలకొరకు త్రవ్విన కాలువ.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినది. అప్పటికి దానిని ముందుగా తెలుపు కేంద్రము మన దేశమున లేదు. హైదరాబాదులో అట్టి కేంద్రము 2007లో గాని వెలయలేదు. ఏ సూచికయు ఎగురలేదు, ఏ సైరనును కూయలేదు. ఒడ్డును దాటి లోనికి దూకిన నీరు ఈ కాలువలో పడినది. పెదగంజామునుండి చెన్నైవరకు సుమారు 310 కిలోమీటర్ల మేర కాలువ ఆ నీటిని తనలో నింపుకొని, కొన్నిచోట్ల మాత్రమే పొరలి, పది పదునైదు నిమిషములలో తిరిగి సముద్రమునకు విడిచిపెట్టినదనియు, దానివలన కాలువకు ఆవల నున్నవారి ప్రాణములు దక్కినవనియు పరిశీలించినవారు వ్రాసిరి. గంజికొరకు గడ్డపార పట్టిన ధాతకరవు కూలీల పేర్లు ఏ శాసనమునను లేవు.

కాలువలో పడవలు ఏనాడో ఆగిపోయినవి. 2008లో దానిని నాలుగవ జాతీయ జలమార్గములో భాగముగ ప్రకటించిరి. నెల్లూరు తీరమున అది పలుచోట్ల పూడి, తూటికాడతోను బురదతోను నిండి, వేసవిలో పశువులు అడ్డముగ నడచిపోవునంత లోతునకు వచ్చినది.